చెరువును బట్టి గాలం: నల్లగొండ, పాలమూరు నీళ్లల్లో చేప ఎక్కడుంటుంది, ఎట్లా పడుతుంది

గాలం కొత్తగా పట్టినవాళ్లు ముందు అడిగేది ఏ రాడ్ కొనాలి, ఏ రీల్ కొనాలి అని. అడగాల్సింది అది కాదు. ఏ నీళ్లల్లో వేయబోతున్నారు, ఆ నీళ్లల్లో ఈ పూట చేప ఎంత లోతులో ఉంది, అది ఎరను నోట్లోకి ఎట్లా తీసుకుంటుంది అనేది తేలితే సామాను సంగతి దానంతటదే తేలుతుంది. వేలు పోసి కొన్న రాడ్ పట్టుకుని పానగల్ ఉదయసముద్రం కట్ట మీద పొద్దంతా కూర్చున్నా నీళ్ల మీద తేలే బెండు కదలనివాళ్లు ఉంటారు, అదే కట్ట మీద యాభై అడుగుల అవతల వెదురు కర్రకు నైలాన్ దారం కట్టుకున్న పిల్లగాడు రవ్వ చేపలు లాగి సంచిలో వేసుకుంటుంటాడు. అదృష్టం అని వదిలేస్తే అక్కడ నేర్చుకునేది ఏమీ మిగలదు. ఆ పిల్లగాడు ఆ చెరువు ఎండిపోయినప్పుడు దాంట్లో క్రికెట్ ఆడినవాడు, ఎక్కడ గుంత ఉందో ఎక్కడ బండ ఉందో వాడికి తెలుసు. ఆ ఒక్క తెలివిడే అక్కడ పనిచేస్తుంది, దాన్ని బయటివాళ్లు కూడా కొంత ఓపికతో సంపాదించుకోవచ్చు.

దక్షిణ తెలంగాణలో నీళ్లన్నీ ఒక తీరువి కావు. వానను నమ్ముకున్న ఊరి కుంటలు, చెరువులు ఉన్నాయి, వాటిల్లో సెప్టెంబర్‌లో రెండు నిలువుల నీళ్లుంటే మేలో మోకాలి లోతు ఉంటే గొప్ప. ఉదయసముద్రం లాంటివి కృష్ణా నీళ్లు కాలువల్లో వచ్చి నిండేవి, అందుకే ఎండాకాలంలోనూ వాటికి కళ ఉంటుంది. అక్కంపల్లి కూడా కృష్ణా నీళ్లదే గానీ అది హైదరాబాద్ తాగునీటి రిజర్వాయర్, అక్కడ గాలం ఊసే వద్దు. డిండి, కోయిల్‌సాగర్, మూసీ ప్రాజెక్టు మధ్యరకం. వీటన్నిటి కన్నా పెద్ద నీళ్లు నాగార్జునసాగర్, కొల్లాపూర్ పక్కన సోమశిల దగ్గర కనిపించే శ్రీశైలం వెనక జలాలు, గద్వాల వైపు జూరాల. కుంటలో పనికొచ్చిన పద్ధతి సోమశిలలో పనికిరాదు, సోమశిల సామాను కుంటకు తెస్తే చేప బెదిరిపోతుంది తప్ప పడదు.

ఊరి చెరువు సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది వేసేది అక్కడే. చెరువు అడుగు ఒక వైపు ఎత్తి పెట్టిన పళ్లెం లాంటిది. కట్ట వైపు లోతు, శిఖం వైపు, అంటే కట్టకు ఎదురుగా నీళ్లు పరుచుకునే అంచున, పలచన. కట్టలోనూ తూము ఉన్నచోట అన్నిటికన్నా లోతు, ఎందుకంటే చివరి నీళ్లు కూడా బయటికి పోవాలని తూమును అడుక్కు పెట్టి కట్టారు. పాత రోజుల్లో కట్ట పోయడానికి మట్టి తీసిన గుంతలు, ఈ మధ్య మిషన్ కాకతీయలో పూడిక తీసిన గుంతలు అదనం. ఎండాకాలం నడి మధ్యాహ్నం, చలికాలం తెల్లవారుజాము, ఈ రెండు వేళల్లో చేప ఆ లోతుల్లోనే తల దాచుకుంటుంది. మేత కోసం మాత్రం పలచన వైపు వస్తుంది, శిఖంలో మునిగిన గడ్డి, సర్కారు తుమ్మ చెట్ల మొదళ్లు, పురుగూ పుట్రా అన్నీ అక్కడే కాబట్టి. అంటే చేపకు రోజూ ఒక దారి ఉంటుంది, లోతు నుంచి పలచనకు, పలచన నుంచి లోతుకు. గాలం ఆ దారి మీద పడాలి. ఎండిన చెరువును మే నెలలో ఒకసారి కాళ్లతో నడిచి చూసి, గుంతలూ బండలూ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నవాళ్లకు అక్టోబర్‌లో ఏ సోనార్ యంత్రమూ అక్కర్లేదు.

ఇక టైమ్. పొద్దున్నే పోతేనే చేప పడుతుందనే మాటలో సగమే నిజముంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టి ఉంచుతాయి, అవే నీళ్లు 30 డిగ్రీలకు వేడెక్కితే అది ఏడున్నరకు పడిపోతుంది. దానికితోడు పచ్చగా మారిన చెరువులో నాచు పగలంతా ఎండకు ఆక్సిజన్ వదిలి రాత్రంతా తిరిగి పీల్చుకుంటుంది, అందువల్ల సూర్యుడు రావడానికి కాస్త ముందు నీళ్లల్లో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారగట్ల చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుని కనిపిస్తే అవి మేస్తున్నాయని సంబరపడి గాలం వేసేవాళ్లు చాలామంది. అవి ఊపిరాడక పైకొచ్చిన చేపలు, ఎర ముక్కు మీద పెట్టినా ముట్టవు. అట్లాంటి చెరువులో ఎండ కొంచెం పొడిచాక, ఏడున్నర ఎనిమిది నుంచి పది దాకా, మళ్లీ పొద్దుగూకే ముందు గంటన్నర మంచి టైమ్. డిసెంబర్, జనవరిలో ఇంకా మార్పు, నీళ్లు కాస్త వేడెక్కే దాకా అడుగున మేసే బంగారుతీగ (కామన్ కార్ప్), మోసు (మృగాల) చేపలు కదలవు కాబట్టి పదింటి నుంచి మూడింటి దాకా వేయొచ్చు, ఇంట్లో తిని తీరిగ్గా పోవచ్చు. సాగర్ లాంటి తేట నీళ్లల్లో మాత్రం తెల్లవారుజాము మాట నిజమే, అక్కడ రాత్రి ఆక్సిజన్ అంతగా పడిపోదు, వెలుతురు పెరిగిన కొద్దీ చేపకు భయం పెరుగుతుంది.

గాలి ఎటు వీస్తోందో చూడకుండా కూర్చోవడం మన దగ్గర పెద్ద లోపం. నైరుతి వానల కాలంలో గాలి పడమటి నుంచి వస్తుంది. నల్లగొండ వైపు నేల వాలు ఎక్కువగా తూర్పుకు, ఆగ్నేయానికి ఉంటుంది, అందుకే చాలా చెరువుల కట్ట కూడా ఆ వైపే ఉంటుంది. కాబట్టి అలలు కొట్టేది కట్టకే. పైనున్న నాచు, తేలే పురుగులు, మునగని గింజలు అన్నీ అలల వెంట కొట్టుకొచ్చి కట్ట రాళ్ల దగ్గర చేరతాయి, అలల వల్ల ఆక్సిజన్ కూడా అక్కడే ఎక్కువ కలుస్తుంది. గాలి మొహాన కొడుతుంటే దారం విసరడం కష్టమే, అయినా అటే కూర్చోవాలి. గాలికి వీపు పెట్టి హాయిగా కూర్చునే చోటు మనిషికి బాగుంటుంది, చేప ఉండేది మాత్రం ఎదుటి ఒడ్డున.

మన చెరువుల్లో పడే చేపల్లో ఎక్కువ భాగం ఎవరో తెచ్చి వదిలినవి అనేది గుర్తుంచుకుంటే చాలా లెక్కలు సులువవుతాయి. బొచ్చె, రవ్వ, మోసు పారే నదిలో వరద వచ్చినప్పుడు గుడ్లు పెట్టే రకాలు, నిలవ నీళ్లల్లో వాటంతట అవి పెట్టవు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఈ జాతి చేపలతో చెరువులోనే గుడ్లు పెట్టించారు, దేశంలో చేపపిల్లల హేచరీలన్నీ అక్కడి నుంచి పుట్టినవే. మన రాష్ట్రంలో 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా పిల్లలను వదులుతోంది. మేత బాగున్న చెరువులో ఏడాదికి కిలో అటూ ఇటూ పెరుగుతాయి. అంటే ఎప్పుడు వదిలారో, ఏ రకం వదిలారో ఊళ్లో కనుక్కుంటే ఇప్పుడు ఏ సైజు చేప ఉందో గాలం వేయకముందే తెలిసిపోతుంది. పోయిన సెప్టెంబర్‌లో పిల్లలు పోసిన కుంటలో జనవరిలో నాలుగు కిలోల బొచ్చె కోసం లావు దారం వేసుకుని కూర్చోవడం వృథా.

ఈ చేపల నోళ్లు వేరు వేరు. బొచ్చెకు కింది పెదవి ముందుకొచ్చి నోరు పైకి తెరుచుకుంటుంది, అది పైనీళ్లల్లో తేలే సన్నటి జీవాలను వడకట్టుకు తింటుంది. రవ్వది మధ్య నీరు, మెత్తని అంచుల పెదవులు. మోసు, బంగారుతీగ అడుగు బురదలో వెతుక్కుంటాయి. వీటన్నిటికీ కొరికే పళ్లు దవడల మీద ఉండవు, గొంతులో ఉంటాయి, అందుకే ఎరను కొరకవు, నీళ్లతో సహా లోపలికి పీల్చి నచ్చకపోతే అంతే వేగంగా బయటికి ఊదేస్తాయి. బెండు కదిలేది ఆ పీల్చడానికీ ఊదడానికీ మధ్య. మొత్తం గాలం విద్యలో కీలకమైన క్షణం అదే. పిండి ముద్దలో హుక్కు పూర్తిగా దాచేస్తే, ముద్ద గట్టిగా ఉంటే, చేప ఊదినప్పుడు హుక్కు కొన గుచ్చుకోకుండా జారి వచ్చేస్తుంది. 1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో ఎరను హుక్కుకు గుచ్చకుండా దాని వెనక సన్నటి దారానికి వేలాడదీసే హెయిర్ రిగ్ పుట్టింది ఈ సమస్య నుంచే. మన బంగారుతీగలకు నానబెట్టి ఉడికించిన మక్కజొన్న గింజలను అట్లా కట్టి వేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

బెండు పెట్టడం దగ్గర కాస్త నిదానంగా చెప్పుకోవాలి, చాలామంది చెడేది ఇక్కడే. ముందు లోతు కొలవాలి. ఎర లేకుండా హుక్కుకు బరువైన సీసం ముక్క ఒకటి గుచ్చి వేయాలి. బెండు మునిగిపోతే అసలు లోతు మీరు పెట్టినదానికన్నా ఎక్కువ, బెండు అడ్డంగా పడుకుంటే తక్కువ. కొన మాత్రమే పైకి కనిపించేలా జరుపుకుంటూ రావాలి, అప్పుడు ఎర సరిగ్గా అడుగును తాకుతూ ఉంటుంది. తర్వాత ఆ సీసం తీసేసి, హుక్కుకు జానెడు పైన చిన్న సీసం గుండు ఒకటి నొక్కి, బెండు కొన అగ్గిపుల్ల తలంత మాత్రమే తేలేలా మిగతా గుండ్లు కట్టాలి. నిమ్మకాయంత ఎర్ర బెండు పెడితే దూరానికి బాగా కనిపిస్తుంది గానీ దాన్ని ముంచడానికి చేప బలం పెట్టాలి, ఆ బరువు తగలగానే అది ఎరను ఊదేస్తుంది. సన్నటి పుల్ల బెండు పెట్టినవాళ్లకు కిందేం జరుగుతోందో చదువుకోవడం వస్తుంది. తిలాపియా అయితే బెండు ఆగకుండా గజగజ వణుకుతుంది. రవ్వ ఒకటి రెండు సార్లు తట్టి, ఆగి, తర్వాత ఏటవాలుగా పక్కకు తీసుకుపోతుంది. జెల్ల ఏ మర్యాదా లేకుండా ఒక్కసారి ముంచుకుపోతుంది. బంగారుతీగది విచిత్రం, అడుగున ఎరను తీసుకుని తల ఎత్తగానే చిన్న సీసం గుండు కూడా లేస్తుంది, బరువు తగ్గి బెండు మునగాల్సింది పోయి పైకి లేచి పడుకుంటుంది. బెండు మునిగేదాకా చూద్దామని ఆగినవాడికి బంగారుతీగ దక్కదు, లేచిన మరుక్షణమే మణికట్టుతో చిన్నగా ఎత్తాలి. భుజం మీదుగా గుంజితే రవ్వ పెదవి చినిగిపోతుంది.

ఎర విషయంలో రహస్యాలు చెప్పేవాళ్లు ఎక్కువ. సువాసనలు, ఎసెన్సులు, సీసాల్లో అమ్మే ద్రావణాలు కొన్నిసార్లు పనిచేస్తాయి గానీ వాటికి ఇచ్చే విలువ వాటికి లేదు. తవుడు, పల్లీ చెక్క, పుట్నాల పిండి, కొంచెం బెల్లం, ఈ నాలుగింటితో అన్ని రకాల మేతా చేయొచ్చు. చూడాల్సింది అది నీళ్లల్లో ఎంతసేపటికి విడిపోతుందనేది. ఇంట్లో గ్లాసు నీళ్లల్లో ఉండ వేసి చూస్తే తెలుస్తుంది. అడుగు చేపలకు ఉండ పది నిమిషాలు ఆగి విడిపోవాలి. బొచ్చెకు వేసిన వెంటనే పొడి పొడిగా రాలి మబ్బులా పరుచుకోవాలి, అది ఆ మబ్బును పీల్చేటప్పుడు దాని మధ్యలో వేలాడే చిన్న హుక్కు కూడా లోపలికి పోతుంది. అందుకే మన దగ్గర పాతకాపులు ఉండ చుట్టూ మూడు నాలుగు చిన్న హుక్కులు వేలాడదీస్తారు. వానపాము మాత్రం తొలకరి ఎర. మొదటి వానకు వాగు నీళ్లు చెరువులో కలిసేచోట కొట్టుకొచ్చే వానపాముల కోసం చేపలు కాచుకుని ఉంటాయి.

ఇప్పుడు సామాను. చెరువుకు 0.28 లేదా 0.30 మిల్లీమీటర్ల మోనో (ఒంటిపోగు నైలాన్) దారం, 8 లేదా 6 నంబర్ హుక్కు, ఎనిమిది తొమ్మిది అడుగుల మెత్తటి రాడ్, 3000 సైజు రీల్ సరిపోతాయి. హుక్కు నంబర్ పెరిగే కొద్దీ హుక్కు చిన్నదవుతుందనేది కొత్తవాళ్లు తికమకపడే విషయం, 1/0 నుంచి మాత్రం లెక్క తిరగబడి నంబర్‌తో పాటు సైజు పెరుగుతుంది. డబ్బు మిగిలితే హుక్కుల మీద పెట్టండి, రాడ్ మీద కాదు. గోరు మీద ఆనించి లాగితే జారిపోయే హుక్కు మొద్దుబారినట్టే, పడేయాలి. రీల్ డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారం వదిలే బిగింపు, దారం బలంలో మూడో వంతు దగ్గర జారేలా బిగించాలి, అంటే ఐదు కిలోల దారానికి కిలోన్నర లాగుడుకు దారం చుట్టిన స్పూల్ తిరగాలి, దీన్ని చిన్న స్ప్రింగ్ తరాజుతో ఇంట్లోనే చూసుకోవచ్చు. అల్లిక దారం, అదే బ్రెయిడ్, సన్నగా గట్టిగా ఉంటుందని అందరూ దానికి ఎగబడుతున్నారు. మన నేల అంతా గ్రానైట్. కట్టకు పేర్చిన రాళ్ల మీద చేప ఒక్కసారి రుద్దితే బ్రెయిడ్ పుటుక్కున తెగుతుంది. అది వాడాలనుకుంటే చివర కనీసం ఆరడుగులు మోనో కలపాల్సిందే.

బ్రెయిడ్‌కు అసలైన చోటు కొర్రమట్ట దగ్గర. తెలంగాణ రాష్ట్ర చేప ఇది, నాచు, తామర, మునిగిన తుమ్మ కొమ్మల మధ్య మాటు వేసి కూర్చుంటుంది. గాలి పీల్చే చేప కాబట్టి కాసేపటికోసారి పైకి రావాల్సిందే, నిలవ నీళ్లల్లో గుండ్రంగా అల లేచి ఒకటి రెండు బుడగలు కనిపిస్తే అక్కడుందని అర్థం. దానికి ఏడడుగుల గట్టి రాడ్, 30 నుంచి 40 పౌండ్ల బ్రెయిడ్, హుక్కు వీపు మీద దాగి ఉండే రబ్బరు కప్ప. కప్పను బుడగ మీద కాదు, దాటించి వేసి నాచు మీదుగా లాక్కురావాలి, ఖాళీ కనిపించిన చోట రెండు మూడు సెకన్లు ఆపాలి. దాడి చేసిన చప్పుడుకు ఉలిక్కిపడి వెంటనే గుంజితే కప్ప ఎగిరి మొహాన పడుతుంది, దారం బిగిసే దాకా ఆగి అప్పుడు గట్టిగా ఎత్తాలి, దాని నోరంతా ఎముక కాబట్టి ఇక్కడ మాత్రం బలం కావాలి. వానాకాలంలో నీటి మీద ఎర్రగా చీమల దండులా చేపపిల్లల గుంపు కదులుతుంటే దాని కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఆ సమయంలో అవి ఏది వేసినా కోపంతో మీద పడతాయి. ఆ చేపను పట్టడం తేలిక, కానీ పట్టొద్దు. కాపలా పోయిన గుంపును తిలాపియాలు, పరకలు చూస్తుండగానే ఖాళీ చేస్తాయి. ఇట్లా పట్టి వీడియోలు పెట్టేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది, వచ్చే ఏడాది అదే కుంటలో కొర్రమట్టలు లేవని అనేది కూడా వాళ్లే.

పెద్ద రిజర్వాయర్లలో ఆట మారుతుంది. అక్కడ చూడాల్సింది నీటిమట్టం, అది రోజూ పేపర్లో వస్తుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885. ఆగస్టు నుంచి మట్టం పెరుగుతుంటే కొత్తగా మునిగిన నేల మీద గడ్డి, పురుగులు తినడానికి చేప ఒడ్డుకు వస్తుంది, ఆ వారాల్లో వంద గజాల దూరం విసరడం దండగ, నాలుగడుగుల నీళ్లే చాలు. కిందికి వదలడం మొదలై మట్టం తగ్గుతుంటే చేపకు ఒడ్డు మీద నమ్మకం పోయి పాత వాగు దారుల్లోకి జారుతుంది, అప్పుడు పన్నెండడుగుల రాడ్, 50 గ్రాముల జారుడు సీసం, 0.35 దారం, కొనకు చిన్న గంట కావాలి. సోమశిల లాంటి చోట కొండ వాలు నీళ్లలోకి దిగే ముక్కుల దగ్గర ఒడ్డు పక్కనే లోతు దొరుకుతుంది. పుట్టి మీద వల వేసేవాళ్లను అడిగితే ఏ ముక్కు కింద బండ ఉందో, ఎక్కడ చెట్లు మునిగాయో చెప్తారు, అడిగే తీరు బాగుండాలి అంతే.

రాత్రి పూట జెల్లలు, వాలుగలు మీసాలతో వాసన పట్టి తిరుగుతాయి. వాటిని హుక్కు నుంచి తీసేటప్పుడు వీపు మీది, రెక్కల దగ్గరి ముళ్లు చూసుకోవాలి. ఇంగిలాయి అనే మరో మీసాల చేప ముల్లులో విషం ఉంటుంది, గుచ్చుకుంటే చెయ్యంతా మంట. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లల్లో, 45 డిగ్రీల లోపు, అరగంటకు పైగా ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది, ఆ విషం వేడికి పనిచేయకుండా పోతుంది. వాపు పెరిగితే డాక్టర్ దగ్గరికి పోవాలి. దీనికన్నా పెద్ద ప్రమాదం తల పైన ఉంటుంది. మన చెరువు కట్టల మీదుగా, ఒడ్డు మోటార్లకు కరెంటు తీగలు పోతుంటాయి, కార్బన్ రాడ్ కరెంటును పట్టుకునే వస్తువు. పన్నెండడుగుల రాడ్ ఎత్తి విసిరేముందు పైకి చూడాలి, ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టి కట్ట దిగిపోవాలి. కృష్ణలో మొసళ్లున్నాయి, జూరాల వైపు నడుము లోతు దిగి విసరడం వద్దు. సాగర్ డ్యామ్ కింద బండల మీద కూర్చునేవాళ్లు టర్బైన్లు తిరిగితే నీళ్లు ఎంత వేగంగా ఎక్కుతాయో తెలుసుకుని కూర్చోవాలి. నల్లమల అడవిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలోకి అనుమతి లేకుండా పోవడం నేరం. మూసీ నీళ్లు హైదరాబాద్ మురుగు మోసుకొచ్చేవి, అక్కడ చేపను పట్టి వదలండి, తినడం మంచిది కాదు.

చివరిగా అనుమతి, నిజానికి ముందు చూసుకోవాల్సింది అదే. ఊరి చెరువులో చేప ఊరికే పెరిగింది కాదు, ముదిరాజ్, గంగపుత్ర మత్స్యకారుల సహకార సంఘం దానికి హక్కుదారు. సరదాకి వేసే ఒక్క గాలంతో వాళ్లకేం పోతుందని వాదించేవాళ్లుంటారు. ఆదివారం పూట ఇరవై గాలాలు దిగితే ఎంత పోతుందో లెక్క వాళ్ల దగ్గర ఉంటుంది. సంఘం పెద్దమనిషిని కలిసి, అన్నా, రెండు గాలాలు వేసుకుంటం, పెద్దవి రెండు తప్ప మిగతావి వదిలేస్తం అని అడిగితే చాలా ఊళ్లల్లో కాదనరు, కొన్నిచోట్ల ఇంత అని తీసుకుంటారు, ఇవ్వడం న్యాయం. పనిలో పనిగా ఎప్పుడు పిల్లలు పోశారు, ఏ రకాలు పోశారు, పెద్ద వల ఎప్పుడు వేస్తారు అని అడగండి. నీళ్లు తగ్గాక, మార్చి నుంచి మే లోపల ఎక్కువ చెరువుల్లో వలలు పడతాయి. వల పడిన చెరువులో ఆ తర్వాత మిగిలేది తిలాపియాలు, బురదలో దాగిన కొర్రమట్టలు, మార్పు అనే మీసాల చేపలే. కాబట్టి రవ్వ, బొచ్చె కావాలనుకునేవాళ్లు డిసెంబర్, ఫిబ్రవరి మధ్య ఊరి చెరువులు చూసుకుని, వలలు మొదలయ్యాక ఉదయసముద్రం, డిండి లాంటి నీళ్లు నిలిచే చోట్లకు, అక్కడి సంఘాన్ని కూడా అడిగి, మారిపోవడం మేలు.